మద్దెల ఓడా, ఆట తప్పా?

టెక్సాస్‌లో రైఫిల్‌తో జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దానికి ముందు ఆదివారం సాయంత్రం మా గ్యారేజీలో మావారికీ మా తమ్ముడికీ మధ్య నడిచిన వాదన ఇది. ఆ పొద్దున షూటింగ్ రేంజిలో తమ్ముడు కాలుస్తుంటే పక్కన కూచుని గుండు గుండుకీ లెక్క రాసింది నేనే. అందుకని నన్నూ కూచోబెట్టారు.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పెరిగినవాళ్లం మేం. మాకు వేటంటే తాతల కాలం కబురు. మా గోదావరి వైపు ‘వేట’ అంటే మేకపోతే. ఆదివారం వేటమాంసం తెచ్చారంటే ఎవరో అడవికెళ్లొచ్చారని ఎవరూ అనుకోరు. ఇక్కడికొచ్చాకే ఆ మాట అసలు అర్థంతో మా ఇంట్లోకి వచ్చింది. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు వేట శిక్షణ పూర్తి చేయాలని ఈ రాష్ట్రపు నియమం. ముగ్గురం చేశాం. ఏటా హ్యూస్టన్ నుంచి నాలుగైదు గంటలు కారులో వెళ్లి, లానో కౌంటీలో ఒక రాంచ్‌లో రెండు రోజులు ఉంటాం. దొరికితే ఒక జింక, ఆ శీతాకాలమంతా మా కూర.

తమ్ముడిది .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్, వాల్‌నట్ చెక్క స్టాక్. పొద్దున వంద గజాల దగ్గర విడతకు నాలుగు చొప్పున మూడు విడతలు కాల్చాడు. ఏ విడతలోనూ గుండ్లు పడ్డ మేర, రేంజి భాషలో ‘గ్రూప్’, నాలుగంగుళాలకు తగ్గలేదు. ఈ రైఫిల్ పోయినేడు అంగుళంన్నరలో వేసేది.

తమ్ముడు: బావగారూ, దీనికింత చర్చెందుకు? జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిదంగుళాల పళ్లెమంత ఉంటుంది. నా గ్రూప్ నాలుగంగుళాలు, అందులో సగం. మనం కూచునే మంచె నుంచి జింక కనపడేది ఎనభై గజాల్లో. ఉన్న తుపాకిని ఉన్నట్టే తీసుకెళదాం. కాదంటారా, రేపే కొత్త స్కోప్ కొనేస్తాను. ఈ రెండే దార్లు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాలి.

మావారు: రెండూ వద్దంటాను. లానో వైపు జింకలు చిన్నవి. ఎనిమిదనుకోకు, ఆరనుకో. అంటే నడిమధ్య నుంచి నీకున్న వెసులుబాటు మూడంగుళాలు. నీ గ్రూప్ నాలుగంగుళాలు, అంటే దాని నడుమ నుంచి ఎటైనా రెండు. ఆ గ్రూప్ మొత్తం నువ్వు గురి పెట్టిన చోటికి రెండంగుళాలు కిందకి దిగి ఉంది. రెండూ రెండూ నాలుగు. మూడు దాటిపోయింది. ఇంకా నీ ఊపిరి, మంచెలో చలి, జింక వేసే అర అడుగు, ఇవేవీ కలపలేదు. బెంచి మీద ఇసుక సంచుల మధ్య కాల్చినప్పటి లెక్క ఇది.

తమ్ముడు: కిందకి దిగినదాన్ని స్కోప్ తిప్పి పైకి తెచ్చుకోవచ్చుగా. క్లిక్కుకి పావు అంగుళం. ఎనిమిది క్లిక్కులు, అరనిమిషం పని.

మావారు: తేవచ్చు. కాని ఎందుకు దిగిందో తెలియకుండా తిప్పావనుకో, రేపు ఆ కారణం తనంతట తానే పోయిందా, రెండంగుళాలు పైన కొడతావు. గ్రూప్ మొత్తం జరగడం ఒక జబ్బు, గ్రూప్ చెదరడం ఇంకో జబ్బు. ఒకే కషాయం రెంటికీ పనిచెయ్యదు. అది సరే, ఈసారి తూటాలు ఏవి?

తమ్ముడు: పోయినేడు కొన్న 150 గ్రెయిన్లవి షాపులో అయిపోయాయి. 165వి తెచ్చాను.

మావారు: జరగడానికి ఒక జవాబు దొరికినట్టే. బరువు మారితే గుండు వేగం మారుతుంది. బ్యారెల్‌లో ఉండే సమయమూ, బ్యారెల్ వణికే తీరూ మారతాయి. అదే గురికి వేరే చోట తగులుతుంది. అది తుపాకి తప్పూ కాదు, నీ తప్పూ కాదు. కొత్త డబ్బా తెస్తే కొత్తగా సున్నా పెట్టుకోవాలి, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సరిచేసుకోవాలి, అంతే. ఇక చెదరడం సంగతి చూద్దాం.

తమ్ముడు: అదే స్కోప్ అంటున్నాను. లోపల అద్దాల కూర్పు వదులై ఉంటుంది. పేలిన ప్రతిసారీ కదులుతోంది.

మావారు: అయ్యుండొచ్చు. కాదని నేననను. పాతికేళ్లు ప్లాంటులో మెయింటెనెన్స్ చేశాను. పంపు వణుకుతుంటే మోటారు మార్చేద్దామన్న వాళ్లను ఎంతమందిని చూశానో. మోటారు మార్చేవాళ్లం, వణుకు అలాగే ఉండేది. చివరికి పునాది బోల్టు దొరికేది. ఖరీదైన వస్తువు మీద అనుమానం ముందు పుడుతుంది, చవకది ఆఖర్న. నువ్వు కొత్త స్కోప్ బిగిస్తే కొత్త రింగులు, కొత్త సున్నా, అలవాటు లేని గాజు. గ్రూప్ బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు, పడకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

తమ్ముడు: ఆ పద్ధతిలో వెళితే వచ్చే నవంబరుకి తేలుతుంది. పరీక్ష ముందు రోజు కొత్త పుస్తకం తెరవొద్దని మా నాన్న అనేవాడు. అంతా విప్పి, అరగదీసి, బిగించి, ఆ బెంగతో అడవికి వెళ్లడం కంటే తెలిసిన లోపంతో వెళ్లడం నయం. ఇంకో మాట. నాలుగు గుండ్ల గ్రూప్‌తో ఏం తేలుతుంది? అదే తుపాకి, అదే తూటా, ఒక విడత అంగుళం, ఇంకో విడత మూడు రావచ్చు. మీరే అన్నారు ఓసారి.

ఈ మాట దగ్గర మా తమ్ముడి పక్షాన నిలబడతాను. మూడు గుండ్లు దగ్గరగా పడ్డాయని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లను రేంజిలో చాలామందిని చూశాను. అలాంటివే మూడు విడతలు ఒక దాని మీద ఒకటి పెట్టి చూస్తే ఆ ధీమా నిలవదు.

మావారు: నిజమే, నాలుగుతో తేలదు. అందుకే పన్నెండూ కలిపి చూద్దామంటున్నాను. ముందు నేననుకున్నది స్క్రూలు. తుపాకి ఖాళీ చేశావా? బోల్ట్ తీసెయ్. వెలుతురు వైపు పెట్టి గొట్టంలోంచి చూడు. సరే.

బోల్ట్ తీసి బల్ల మీద పాత టవల్ పరిచి తుపాకి పెట్టాడు తమ్ముడు. మావారు టార్క్ రెంచి తెచ్చారు. స్కోప్ రింగుల స్క్రూలకు రింగుల డబ్బాలో కాగితం మీదున్న అంకె పెట్టి ఒక్కొక్కటీ పరీక్షించారు. ఒక్కటీ తిరగలేదు. స్కోప్ కిందున్న బేస్ స్క్రూలూ అంతే.

తమ్ముడు: చూశారా! స్క్రూలు, స్క్రూలు అన్నారు. ఒక్కటీ వదులు లేదు.

మావారు: లేదు. నా అనుమానం తప్పు. బ్యారెల్ మూతి చూద్దాం.

దూదిపుల్లతో బ్యారెల్ చివరి అంచు చుట్టూ మెల్లిగా రాశారు. ఎక్కడన్నా గీత పడి ఉంటే దూదిపోగు అక్కడ చిక్కుకుంటుందట. చిక్కలేదు. లోపల ద్రావకంలో తడిపిన గుడ్డ లాగితే కొద్దిగా నీలిపచ్చ మరక వచ్చింది. అది రాగి. గుండు పైతొడుగు నుంచి బ్యారెల్‌కి అంటుకునేది. ఆ మాత్రం దానికి ఇంత చెదరడం రాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తమ్ముడు: ఇక మిగిలింది స్కోపే.

మావారు: స్టాక్‌ని పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు మిగిలాయి. ఇటివ్వు.

ముందు స్క్రూ కదిలింది. ఎక్కువ కాదు, పావు చుట్టుకి కొంచెం తక్కువ. దాన్ని బిగించాక మావారు మామూలు కాగితం ఒకటి వెడల్పుగా కోసి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య సందులో దూర్చి వెనక్కి లాగారు. బ్యారెల్ స్టాక్‌ని ఎక్కడా తాకకుండా వదిలిన తుపాకి ఇది, కాగితం అడ్డు లేకుండా పోవాలి. ఎడమ పక్క సాఫీగా జారింది. కుడి పక్క చివరి నుంచి జానెడు దూరం వచ్చి ఆగిపోయింది. ఆయన మళ్లీ లాగారు, అక్కడే ఆగింది. తమ్ముడు కాగితం తీసుకుని తనే లాగి చూశాడు. వేలితో ఆ చోట చెక్కని తడిమాడు. హ్యూస్టన్ గాలిలో వేసవంతా అల్మారాలో ఉన్న చెక్క అది. నీరు పీల్చి ఒక పక్కకి ఉబ్బింది, బ్యారెల్‌ని ఆనుకుంది.

తమ్ముడు: దీనితోనే నాలుగంగుళాలు వస్తుందా?

మావారు: మీ అక్క పుస్తకం చూస్తే తెలుస్తుంది. కాగితం మీద పన్నెండు చిల్లులుంటాయి గాని ఏది ముందు పడిందో కాగితం చెప్పదు.

నేను నోట్‌బుక్ తెరిచాను. ప్రతి విడతకీ చిన్న వృత్తం గీసి, స్పాటింగ్ స్కోప్‌లో చూస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు వేశాను. విడతకీ విడతకీ మధ్య బ్యారెల్ చల్లారడానికి ఇరవై నిమిషాలు ఆగాం. మూడు వృత్తాల్లోనూ ‘ఒకటి’ దాదాపు ఒకే చోట ఉంది. మూడింటినీ ఒక రూపాయి బిళ్లతో కప్పేయొచ్చు. రెండో గుండు దానికి కాస్త ఎడమ, కాస్త పైన. తర్వాతవి ఇంకా ఎడమ, ఇంకా పైన. వరస తప్పినవి రెండే, రెండో విడతలో మూడు, మూడో విడతలో నాలుగు. ఆ రెండూ తిన్నగా కిందకి పడ్డాయి.

మావారు: బ్యారెల్ వేడెక్కేకొద్దీ చెక్క కుడి నుంచి తోస్తోంది, గుండు ఎడమకి నడుస్తోంది. స్కోప్ చెడితే ఇంత వరసగా నడవదు. మొదటి గుండు ప్రతిసారీ అదే చోటికి రాదు.

తమ్ముడు: అయితే గెలిచింది నేనే బావగారూ! అడవిలో నేను కాల్చేది చల్లటి బ్యారెల్‌తో ఒక్క గుండు. రెండు గంటలు చలిలో కూచుని, ఒక్కటి. ఆ ఒక్కటీ ప్రతిసారీ ఒకే చోట పడుతోందని అక్క పుస్తకమే చెబుతోంది. వేడెక్కిన నాలుగో గుండు ఎటుపోతే జింకకేం, నాకేం? బెంచి మీది గ్రూప్ బెంచివాళ్లకి. వేటగాడికి మొదటి గుండే గ్రూపు.

మావారు కాసేపు మాట్లాడలేదు. ఈ వాదన బలమైనదని నాకూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. నాలుగు గుండ్లు వరసగా కాల్చి దగ్గరగా పడ్డాయో లేదో చూసుకునే మేమందరం, చల్లని మొదటి గుండు ఎక్కడ పడుతుందో మాత్రం విడిగా రాసుకోం. వేటకి పనికొచ్చే అంకె అదొక్కటే.

మావారు: నువ్వన్నది ఒప్పుకుంటున్నాను. రేంజిలో మనం అడగాల్సిన ప్రశ్న అదే, నేను అడగలేదు. కాని మొదటి గుండు సరిగ్గా తగలకపోతే రెండోది వెంటనే వెయ్యాలి. అది జింకకి నువ్వు బాకీ. ఇంకోటి, ఇవాళ చెక్క ఇంత ఉబ్బింది. శుక్రవారం రాత్రి లానోలో వాన పడితే? లేదా అక్కడి పొడి గాలికి ఆరి చెక్క వెనక్కి తగ్గితే? చెక్క కదిలితే మొదటి గుండు చోటూ కదులుతుంది. ఇవాళ్టి మూడు గుండ్లు ఇవాళ్టి చెక్క మీద సాక్ష్యం. శనివారం చెక్కకి కాదు.

తమ్ముడు: ...సరే. చెక్క అరగదీద్దాం.

మావారు: ఆ తిన్నగా కిందకి పడ్డ రెండూ?

తమ్ముడు: అవేంటి?

మావారు: చెక్క వాటిని పడెయ్యలేదు. చెక్క ఎడమకి, పైకి తోస్తోంది. అవి కిందకి వచ్చాయి.

తమ్ముడు: గాలేమో.

నేను: గాలి లేదు. జెండా వేలాడుతోంది. రాసుకున్నాను.

తమ్ముడు: అంటే నేనా? ఆడలేనమ్మ మద్దెల ఓడందని అంటారా? మద్దెల ఓడని ఇప్పుడే గదా మీ చేత్తో కాగితం దూర్చి చూపించారు!

మావారు: మద్దెలా ఓడే. అంతమాత్రాన ఆట కుదిరిందని కాదు. రెండు తప్పులు ఒకేచోట ఉండకూడదని ఎక్కడా లేదు. ఒకటి దొరకగానే వెతకడం ఆపేస్తాం, రెండోది దాని చాటున ఉండిపోతుంది.

తమ్ముడు లేచి వెళ్లి గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. తిరిగొచ్చాక అన్న మాటలు వేరేగా ఉన్నాయి.

తమ్ముడు: పోయినేడు ఆ ఆడజింక. నూట నలభై గజాలు. కాల్చగానే ఎగిరి పొదల్లోకి పోయింది. రాళ్ల మీద నెత్తుటి చుక్కలు టార్చి వేసుకుని రాత్రి పదకొండింటి దాకా వెతికాం. మీరూ ఉన్నారు. ఒకచోట చుక్కలు ఆగిపోయాయి. పొద్దున్నే మళ్లీ వెళ్లాను, నేను ఒక్కడినే. దొరకలేదు. అప్పట్నుంచీ ఈ స్కోపే అనుకుంటున్నాను. స్కోప్ కాకపోతే మరి ఏమిటి?

నాకు అప్పుడు అర్థమైంది వీడు సాయంత్రం నుంచీ స్కోప్, స్కోప్ అని ఎందుకు పట్టుబట్టాడో. మావారు ఆ రాత్రి గురించి ఒక్క మాటా అనలేదు. అది ఎవరి తప్పో ఈ నోట్‌బుక్‌లో లేదు, ఏ నోట్‌బుక్‌లోనూ దొరకదు. ఆయన స్టాక్ విప్పి, గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి తమ్ముడి చేతికిచ్చారు.

మావారు: కుడి పక్కనే. నాలుగు రుద్దులు, మళ్లీ బిగించి కాగితం. కొంచెం కొంచెంగా. తీసిన చెక్క మళ్లీ అతకదు.

పదకొండు గంటలకి కాగితం రెండు పక్కలా సాఫీగా జారింది. అరగదీసిన చోట పలచగా వార్నిష్ పూత వేశారు, మళ్లీ నీరు పీల్చకుండా. మరునాడంతా ఆరనిచ్చి సోమవారం రాత్రి బిగించారు. మంగళవారం సాయంత్రం 165 గ్రెయిన్ల తూటాలతో కొత్త సున్నా పెట్టాడు తమ్ముడు. చల్లటి మొదటి గుండు విడిగా రాశాను. ఆ తర్వాత మెల్లిగా, మధ్యలో ఆగుతూ వేసిన నాలుగు గుండ్లు అంగుళం ముప్పావులో పడ్డాయి. ఎడమకి నడక లేదు. ఒకటి మాత్రం మళ్లీ కిందకి పడింది.

బుధవారం ముగ్గురం మళ్లీ వెళ్లాం. ఈసారి నా పని వేరు. తమ్ముడు అటు తిరిగి నిలబడితే నేను తూటా పెట్టి బోల్ట్ మూయాలి. కొన్నిసార్లు నిజం తూటా, కొన్నిసార్లు మందులేని డమ్మీ. ఏది పెట్టానో వాడికి తెలియదు. మూతి ఎప్పుడూ టార్గెట్ గట్టు వైపే.

తమ్ముడు: దీనివల్ల ఏం తెలుస్తుంది బావగారూ?

మావారు: నేను చెప్పను. నువ్వే చూస్తావు.

మొదటిది నిజం తూటా. బాగా పడింది. రెండోదీ నిజమే. మూడోసారి డమ్మీ పెట్టాను. వాడు ఊపిరి సగం వదిలాడు, వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. టిక్ అంది, అంతే. పేలుడు లేదు, తన్ను లేదు. కాని బ్యారెల్ మూతి రెండు వేళ్లంత కిందకి దిగి ఆగింది. భుజం ముందుకొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. రాని దెబ్బకి వాడి ఒళ్లంతా ముందే కాచుకుంది.

తుపాకి చప్పుడులో ఇది ఎవరికీ కనపడదు. తన్నే మూతిని పైకి లేపేస్తుంది, అంతకుముందు జరిగిన చిన్న కదలికని కప్పేస్తుంది. పక్కనే కూచుని పన్నెండు గుండ్లు రాసిన నాకూ ఆదివారం కనపడలేదు.

తమ్ముడు: (చాలాసేపటికి) ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నాను?

మావారు: తెలియదు. నేనూ చేశాను, రెండేళ్లు. నాకు చూపించింది మా ఫోర్‌మన్. తుపాకి ఎంత బాగుచేసినా ఇది పోదు. చెవులకి ప్లగ్గులు పెట్టి వాటి మీద మఫ్‌లు కూడా పెట్టు, చప్పుడు భయం సగం తగ్గుతుంది. ఇంట్లో రోజూ డమ్మీతో పాతిక సార్లు. మూతి కదలకూడదు, అంతే చూసుకో.

తమ్ముడు: రెండు రోజుల్లో పోతుందా?

మావారు: పోదు. తగ్గుతుంది. ఈ ఏడు వంద గజాలు దాటితే కాల్చొద్దు. దగ్గరికి రాకపోతే రాలేదు.

తమ్ముడు: ఎనభై. ఎనభై దాటితే కాల్చను.

వాడు మళ్లీ అటు తిరిగి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

తమ్ముడు: అక్కా, ఇంకోటి పెట్టు. ఏది పెట్టావో నీ మొహంలో కూడా తెలియనివ్వకు.